పెళ్లికూతుళ్ల అంబాసిడర్

పొద్దున్నే జకర్యా గారు నేరేడ్‌మెట్‌లోని తన ఇంటి ముందు తెల్ల అంబాసిడర్‌ని తుడుస్తున్నారు. తుడుస్తున్నారన్న మాటే గానీ మనసు మనసులో లేదు. మొన్న పెళ్లికూతురిని చర్చికి తీసుకెళ్తుంటే బండి పొగలు కక్కి నడిరోడ్డు మీద ఆగిపోయింది. పాపం ఆ పిల్ల తెల్లచీర కుచ్చిళ్లు పట్టుకుని ఆటో ఎక్కింది.

రైల్వేలో రిటైరయ్యాక ఆయనకు మిగిలిన హోదా ఆ బండే. సంఘంలో ఏ పిల్ల పెళ్లయినా ఆ బండిలోనే చర్చికి వెళ్లాలి. పూలు కట్టేది ఆయనే, తోలేదీ ఆయనే. వచ్చే గురువారం ఏసురత్నం గారి అమ్మాయి పెళ్లికి కూడా మాటిచ్చేశారు.

"ఇంజన్ హెడ్ పోయింది, మొత్తం దించాలన్నాడు మెకానిక్. అంత ఖర్చు మనవల్ల కాదు నాన్నా, అమ్మేద్దాం," అన్నాడు కొడుకు జ్ఞానశేఖర్ ఇడ్లీ తింటూ.

"దాంతోపాటు నన్నూ అమ్మేయరా. పీడా పోతుంది."

కోడలు ఆలిస్ వంటింట్లోంచి వచ్చింది. స్కూల్లో సైన్సు టీచరు. "ఇంజన్ దించే ముందు జెర మనమే చూద్దాం మామయ్యా. మా డాడీ బొల్లారంల మిలిటరీ బండ్లు బాగుచేస్తుంటే నేను పక్కనే ఉంటుంటి."

"వద్దమ్మా. దాని మీద పరాయి చెయ్యి పడనివ్వను."

ఆలిస్ ముఖం చిన్నబోయింది. ఆయన భార్య కాంతమణి ఊరుకోలేదు. "రోజూ మీకు బీపీ మాత్ర అందించే చెయ్యి పరాయిదా?" అంది. జకర్యా గారు సంచీ పుచ్చుకుని బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్లిపోయారు.

తిరిగొచ్చేసరికి బానెట్ తెరిచి ఉంది. గబగబా వంటింట్లోకి వెళ్తే, పాలగిన్నెలో ఇత్తడి ముక్కేదో ఉడుకుతోంది.

"నా బండి విప్పమని నీకెవరు చెప్పారు?" గొంతు ఇల్లంతా వినబడింది.

"నేనే చెప్పాను. తాళం కూడా నేనే ఇచ్చాను," అంది కాంతమణి. "ముందు అది చెప్పేది వినండి."

"ఇంజన్ సల్లారినంకనే రేడియేటర్ మూత తీసిన మామయ్యా," అంది ఆలిస్ నెమ్మదిగా. "నీళ్లల్ల ఆయిల్ లేదు, ఆయిల్ల నీళ్లు లేవు. అంటే హెడ్ మంచిగున్నట్టే. కింద అట్ట పరిస్తే చుక్క పడలే. ఇది థర్మోస్టాట్, వేడికి తెరుచుకోవాలె. చూడండి, తెరుచుకుంటుంది."

ఆయన కోపం సగం దారిలో ఆగింది. "మరి రోగం ఎక్కడ?"

ఆలిస్ ఆయన్ని బండి దగ్గరికి తీసుకెళ్లి, రేడియేటర్ వెనక టార్చి పెట్టి ముందు నుంచి చూడమంది. అంచుల్లో తప్ప వెలుతురు రాలేదు. ఆలిస్ పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా లాగింది. ఎండిపోయిన గులాబీ రేకులు, మల్లె దారాలు, మెరుపు కాగితాలు, ఎందరు పెళ్లికూతుళ్లవో, గుప్పెళ్లకు గుప్పెళ్లు ఊడిపడ్డాయి. ముందు జాలీ కనబడకుండా ఆయన నిండుగా కట్టే పూలే అవి. ఇంజన్ చల్లబడటానికి గాలి పోవలసిన దారీ ఆ జాలీయే.

"అయితే ఇన్నాళ్లూ దీని గొంతు నులిమింది నేనేనా?"

"నులమలే మామయ్యా. జెర ముద్దెక్కువైంది."

జకర్యా గారు అరుగు మీద కూలబడ్డారు. ఈ పిల్ల తెలివి చూస్తే గర్వంగా ఉంది, పొద్దున తను అన్న మాట తలుచుకుంటే సిగ్గుగా ఉంది. "పరాయి అన్నానమ్మా. నా నోరు మంచిది కాదు," అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

"పైపు పట్టుకోండి. లోపల్నుంచి బయటికి నీళ్లు కొట్టాలె," అంది ఆలిస్. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి.

గురువారం జాలీ వదిలేసి, డిక్కీకీ పైకప్పుకీ మాత్రమే పూలు కట్టారు. మీటర్‌లో వేడి చూపే ముల్లు మధ్య గీత దాటలేదు. ప్రార్థన ముగిసి కొత్తజంట బయటికొచ్చాక ఏసురత్నం గారు, "ఎవరు బాగుచేశారండీ?" అని అడిగారు.

"మా ఆలిస్," అన్నారు జకర్యా గారు, మెట్ల మీద అందరికీ వినబడేలా. తర్వాత తాళం ఆమె చేతిలో పెట్టారు. "పిల్లల్ని నువ్వే దింపిరామ్మా."

ఆలిస్ స్టీరింగ్ ముందు కూర్చుంది. బండి మెల్లగా కదిలి గేటు దాటింది. పూలతో, లోపల నవ్వుతున్న పెళ్లికూతురితో తన బండి ఎలా ఉంటుందో జకర్యా గారు బయట నిలబడి చూడటం అదే మొదటిసారి. ఇంత అందంగా ఉంటుందని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు.