నూర్ మహమ్మద్ కారు బేరం

పొద్దున్నే జొన్నరొట్టెలు కాలుస్తూ షాహిదాబీ మొగుడికి బేరం నేర్పుతోంది. కారు దగ్గరికి వెళ్లగానే నవ్వకూడదు. చేత్తో తడమకూడదు. వ్యాపారి ఏం చెప్పినా పెదవి విరవాలి. నూర్ మహమ్మద్ బుద్ధిగా తల ఊపుతూ తింటున్నాడు.

"ఏదీ, మొహం ఎట్లా పెడతావో చూపించు," అంది.

అతను ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు. ఆమెకు నవ్వొచ్చింది గానీ ఆపుకుని, ఇంకొంచెం పెట్టమంది.

నవ్వులాట వ్యవహారం కాదది. జగ్గయ్యపేట నూనెమిల్లు షావుకారు దగ్గర నూర్ మహమ్మద్ పద్నాలుగేళ్లు కారు తోలాడు. మొన్న ఎండాకాలంలో షావుకారు పోయాడు. కొడుకులు కొత్త కారు కొనుక్కుని, కొత్త డ్రైవర్ని పెట్టుకుని, పాత నల్లకారును నందిగామలో పాతకార్ల వ్యాపారి కొండలరావుకు అమ్మేశారు. దాన్ని అక్కడిదాకా తోలి అప్పగించి వచ్చింది కూడా నూర్ మహమ్మదే. బస్సులో తిరిగొచ్చిన ఆ మనిషి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

అప్పటినుంచీ పని లేదు. షాహిదాబీ తమ్ముడు జాన్‌బాషా నాగపూర్ లారీల మీద తిరుగుతాడు. బావను కూడా లారీ ఎక్కిస్తానంటున్నాడు. ఎక్కితే నెలకోసారి ఇంటికొస్తే గొప్ప. షాహిదాబీకి అది సుతరామూ ఇష్టం లేదు. ఇన్నేళ్లూ మొగుడు, షావుకారు ఎప్పుడు పిలుస్తాడోనని చెవి అక్కడే పెట్టుకుని బతికాడు. ఇకనైనా తన ఇంట్లో, తన పిల్లల పక్కన కూర్చుని తినాలని ఆమె కోరిక. అందుకే పాడిగేదెలు రెండూ అమ్మేసింది. ఆ డబ్బూ, మిల్లువాళ్లు చేతిలో పెట్టిందీ, తను దాచుకున్నదీ కలిపి మూడు వేలు. నల్లకారు కొని పేటలో బాడుగకు తిప్పుకుంటే పెళ్లిళ్లకీ ఆసుపత్రులకీ పిలిచేవాళ్లు బోలెడుమంది. మూడు వేల పైన మాత్రం ఒక్క రూపాయి పుట్టే దారి లేదు.

నందిగామలో రోడ్డు పక్కనే కొండలరావు రేకుల షెడ్డు. మూడు వేల రెండొందలన్నాడు. ఫరవాలేదు, దిగుతాడు అనుకుంది షాహిదాబీ.

"రంగంతా వెలిసిపోయిందిగదండీ," అని మొదలుపెట్టింది.

"వెలవలేదే, దుమ్ము," అన్నాడు నూర్ మహమ్మద్. అని ఊరుకున్నాడా, భుజం మీది తువ్వాలు తీసి తుడవటం మొదలుపెట్టాడు. తుడిచినంత మేరా నిగనిగలాడింది.

ఆమె మోచేత్తో పొడిచి, టైర్లు అరిగాయంది. వాటిని తను ఏనాడూ రాళ్లబాట ఎక్కించలేదన్నాడు అతను. ఇంత వయసొచ్చిన ఇంజను ఇంకెన్నాళ్లు పనిచేస్తుందని ఆమె పెదవి విరిచింది. ఇక నూర్ మహమ్మద్ ఆగలేకపోయాడు. మూత ఎత్తి, ఇంజను గుణగణాలు వర్ణించాడు. బెజవాడ నుంచి పేటకు ఒక్కనాడూ దారిలో మొరాయించలేదన్నాడు. వానలో, ఎండలో, నిండు మనుషులతో ఎట్లా లాక్కొచ్చేదో చెప్పాడు. కొండలరావు కుర్చీలో వెనక్కి వాలి హరికథ విన్నట్టు విన్నాడు.

"ఇంత మంచి బండని నాకే తెలియదయ్యా నూర్ మహమ్మదూ," అన్నాడు చివరికి. "మూడున్నర వేలకు తక్కువకిస్తే నాకే పాపం తగులుతుంది."

కీసర నుంచి మిరపరైతు వీరరాఘవయ్య ఆదివారం చూడటానికి వస్తున్నాడని కూడా చెప్పాడు. ఆయనకు డ్రైవరు కూడా కావాలట. నిన్నే పెట్టుకోమని చెబుతాలే, బండి నీ చేతిలోనే ఉంటుంది, ఇంక నీకేం బాధ అన్నాడు. ఆ మాటకు నూర్ మహమ్మద్ మొహం విప్పారింది. షాహిదాబీ అది చూసింది. బేరం అక్కడే వదిలేసి రోడ్డు మీదికి నడిచింది.

బస్సు కోసం ఇద్దరూ చెట్టు నీడన నిలబడ్డారు.

"పరాయివాళ్ల ముందు దాన్ని తిట్టటానికి నోరు రాలేదే," అన్నాడు అతనే ముందుగా. "పద్నాలుగేళ్లు అన్నం పెట్టింది."

"అన్నం పెట్టింది నీ రెక్కల కష్టం," అంది షాహిదాబీ. "దాని సంగతి సరే. కీసరాయన దగ్గర డ్రైవరంటే నీ మొహం ఎట్లా వెలిగిందో నేను చూశా. కారు ఎవరిదైనా సరే, తలుపు తీసి పట్టుకుని నిలబడే పనుంటే చాలు నీకు. పెద్దపిల్ల పుట్టినప్పుడు ఎక్కడున్నావు? హైదరాబాదులో, షావుకారు పెళ్లిభోజనం చేసొచ్చేదాకా కారు కాపలా కాస్తున్నావు. చిన్నది పుట్టినప్పుడూ అంతే. నేనెప్పుడన్నా అన్నానా? ఇప్పుడంటున్నా. నేను గేదెల్ని అమ్మింది ఆ కారు నీ చేతికి రావాలని కాదు. నువ్వు మా ఇంటికి రావాలని."

గొంతు పెద్దది చేసి కూడా అనలేదు. బస్సెక్కి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పేట వచ్చేదాకా కొంగు కళ్లమీదే ఉంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె మనసులో ఇంత మాట ఉందని నూర్ మహమ్మద్‌కు తెలియదు. తను ఎప్పుడూ అడగలేదు మరి.

ఆదివారం పొద్దున, ఆఖరిసారి అడిగి చూద్దామని మళ్లీ నందిగామ బయల్దేరబోతూ, ఇవాళ మొహం ఎట్లా పెట్టాలని భయంభయంగా అడిగాడు.

"ఎట్లానూ పెట్టొద్దు," అంది షాహిదాబీ. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీకు వచ్చింది అదొక్కటే." అంటూనే అతని చొక్కా కాలరు సరిచేసింది.

వీరరాఘవయ్య అప్పటికే షెడ్డులో ఉన్నాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మెరుపు చూసి ముచ్చటపడ్డట్టే ఉన్నాడు.

"ఏమయ్యా సాయిబూ, నేను దీన్ని కొంటే నువ్వు మా దగ్గరికి వస్తావటగా?" అన్నాడు.

నూర్ మహమ్మద్ ఒకసారి పెళ్లాం వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది.

"రానండి. దీన్ని తోలితే నాదిగానే తోలతా. లేకపోతే లారీ ఎక్కుతా."

షాహిదాబీ తలెత్తింది. లారీ మాటకు భయమేసింది గానీ, ఆ మొదటి మాట అతని నోట వినటానికి ఆమె ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తోంది.

"సరేలే. బండి ఎట్లాంటిదో దాచకుండా చెప్పు," అన్నాడు వీరరాఘవయ్య.

"మంచిదండి. కాస్త గారాబం ఎక్కువ," అంటూ మూత మీద చెయ్యి వేశాడు నూర్ మహమ్మద్. తల్లి పిల్లవాడి అల్లరి చెప్పుకున్నట్టు చెప్పుకొచ్చాడు. పొద్దున పూట దానికి బద్ధకం. హ్యాండిలు మూడుసార్లు తిప్పితే గానీ లేవదు, తొందరపెడితే హ్యాండిలు ఎదురుతిరిగి కొడుతుంది. ఒకసారి తన మణికట్టు కీలు తప్పించింది కూడా. రెండో గేరు వేసేముందు ఒక్క క్షణం ఆగి బతిమాలాలి. ఎడమకు తిప్పితే హారను దానంతటదే మోగుతుంది. బ్రేకు రెండుసార్లు తొక్కాలి, అదీ చాలా దూరం నుంచే. వానొస్తే వెనక సీట్లో కూర్చున్నవాళ్ల నెత్తినే సరిగ్గా కారుతుంది. షావుకారుగారు కారులో గొడుగు వేసుకునేవారు. దారిపొడుగునా ఊరూరా నీళ్లు తాగుతుంది, కానీ తాగాక మాత్రం మాట తప్పదు.

"ఇవన్నీ మొన్న చెప్పలేదేం?" అన్నాడు కొండలరావు. ఈసారి ఆముదం తాగినట్టున్నది అతని మొహం.

"మీరు అడగలేదు గదండీ."

వీరరాఘవయ్య పడీపడీ నవ్వాడు. ఇన్ని అలవాట్లున్న బండిని ఏలుకోవటం నీకు తప్ప ఎవడి తరం కాదయ్యా అని, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

షాహిదాబీ తీరిగ్గా ముందుకొచ్చింది. హారను బాగుచేయించాలి, కప్పు చూపించాలి అంటూ రెండు వేల ఎనిమిదొందల దగ్గర మొదలుపెట్టింది. కొండలరావు కాసేపు మొత్తుకుని రెండు వేల తొమ్మిదొందలకు ఒప్పుకున్నాడు. మిగిలిన వంద పెట్రోలుకని కొంగున ముడివేసుకుంది.

కాగితాలమీద సంతకాలయ్యాక నూర్ మహమ్మద్ అలవాటు ప్రకారం వెనక తలుపు తీసి పక్కకు నిలబడ్డాడు. షాహిదాబీ అతన్ని ఒక చూపు చూసి, చుట్టూ తిరిగొచ్చి ముందు సీట్లో కూర్చుంది. అతను హ్యాండిలు మూడుసార్లు తిప్పాడు. ఇంజను అందుకుంది. వచ్చి కూర్చుని, చక్రం మీద రెండు చేతులూ వేశాడు. బండి గడగడలాడుతోంది గానీ కదలలేదు.

అప్పుడే ఏదో చెడిందనుకుంది షాహిదాబీ. తీరా చూస్తే అతను ఎదుటి అద్దంలో ఖాళీగా ఉన్న వెనక సీటుకేసి చూస్తున్నాడు. కళ్లనిండా నీళ్లున్నాయి.

"ఎక్కడికో ఎవరూ చెప్పలేదే," అన్నాడు మెల్లగా. "చెబితే గానీ ఏనాడూ కదల్లా. ఇప్పుడు కాలు ఆడటం లేదు."

షాహిదాబీ అతనికేసి తిరిగింది. ఇంటిమీద కంటే కారుమీదే ఇతనికి ప్రేమని ఇన్నాళ్లూ తప్పుపట్టింది. నువ్వెక్కడికి పోదామనుకుంటున్నావని ఈ మనిషిని అడిగినవాళ్లే లేరు. తనూ అడగలేదు.

"నీకెక్కడికి పోవాలనుంది?" అంది.

అంత చిన్న ప్రశ్నకు అతను చాలాసేపు ఆలోచించాడు.

"ఇంటికి," అన్నాడు.

షాహిదాబీ కళ్లు తుడుచుకుని, తన వైపు తలుపు గట్టిగా వేసుకుంది.