అభ్యాసం పద్నాలుగు, మూడో లెక్క

చినరేవు బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు ముప్పై ఒక్కరూ ముందు మణికట్టు చూసుకుని, తర్వాత పుస్తకాలు తెరిచారు. రోజూ అంతే. మణికట్టున ఉన్న క్షేమపట్టీ మీద, ఆ ఉదయం సముద్రం మీదికి వెళ్ళిన ఇంటిమనిషి పేరు ఉంటుంది. పక్కన ఆకుపచ్చ రంగులో క్షేమాంకం. పదివేలకు తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది. అంతకన్నా ఒక్కటి తగ్గినా రేవులో పడవ తాళం ఊడదు కాబట్టి, వేటకు వెళ్ళినవాళ్ళ అంకె ఎప్పుడూ అదే. అయినా పిల్లలు చూసుకుంటారు, దేవుడి పటం ముందు ఆగి వెళ్ళినట్టు.

గంగారత్నం టీచర్ మణికట్టు మాత్రం బోసిగా ఉంది. భర్త ఎల్లాజీ పోయాక పట్టీని క్షేమ శాఖవాళ్ళు తీసుకుపోయారు. ముప్పై నాలుగు రోజుల తర్వాత ఆమె బడికి రావడం ఇదే.

"అభ్యాసం పద్నాలుగు, మూడో లెక్క మళ్ళీ చెయ్యమని వచ్చింది. తియ్యండి," అంది.

లెక్కలు ఇచ్చేది పిల్లల బల్లల మీది దిద్దుపలక. పిల్లలకు ఆసక్తి కలగాలని ఊరి వివరాలతోనే లెక్క కడుతుంది. పిల్లలు పుస్తకంలో చేసి, జవాబు మాత్రం పలక మీద వేస్తారు; పుస్తకాలు టీచర్ దిద్దుతుంది. ఆమె పైకి చదివింది.

"ఒక రేవులో ఎనభై పడవలున్నాయి. ఒక్కో పడవ ఏడాదికి రెండువందల యాభై సార్లు వేటకు వెళుతుంది. వెళ్ళిన పడవ తిరిగి రాకపోయే సంభావ్యత పదివేలలో ఒకటి. ఏడాదిలో ఎన్ని పడవలు తిరిగి రావని అంచనా?"

 తడబడకుండా చదవాలని ఇంటి దగ్గర నాలుగుసార్లు చదువుకుని వచ్చింది.

ఎనభైని రెండువందల యాభైతో హెచ్చిస్తే ఇరవై వేలు. పదివేలతో భాగిస్తే రెండు. పలకల మీద వరసగా పచ్చ గుర్తులు వెలిగాయి. మూడో బల్ల దగ్గర ఒక్కటి ఎర్రబడింది.

"వీరమణీ, ఎంత వేశావు?"

"తొమ్మిదండి."

"ఆ పిల్లకి ఎక్కాలు రావండి టీచర్, వేళ్ళమీద లెక్కెడద్ది," అన్నాడు వెనక నుంచి దావీదు. పిల్లలు నవ్వారు.

"నాకు పద్దెనిమిదో ఎక్కం దాకా వచ్చురా, నీకు వచ్చా?" అని వెనక్కి తిరిగి, మళ్ళీ టీచర్ వైపు చూసింది వీరమణి. "పోయినసారి ఎనిమిది వేశానండి. మీరు కొట్టేశారు. ఇప్పుడు తొమ్మిదయ్యాయి."

"ఎలా చేశావు?"

"చెయ్యలేదండి, లెక్కెట్టాను. పోయిన వేసవి నుంచి. మా చిన్నాన్న. దావీదు వాళ్ళ పెదనాన్న. ఐసు ఫ్యాక్టరీ పక్కింటి ఓలేసు. బొందలోళ్ళ అన్నదమ్ములిద్దరు, ఎవరి పడవలో వాళ్ళు. పోలయ్య తాత. కొత్తగా పెళ్ళయిన అతను, పేరు తెలీదండి. పడమటి వీధి రాంబాబు." ఆగిపోయింది.

"ఊరుకోవే," అన్నాడు దావీదు. ఈసారి వాడి గొంతులో నవ్వు లేదు.

"ఎనిమిదే అయ్యాయి," అంది గంగారత్నం. "తొమ్మిదోది చెప్పు."

"ఎల్లాజీ బాబాయండి."

ఈ ముప్పై నాలుగు రోజులూ గంగారత్నాన్ని నిలబెట్టింది ఒక్క వాక్యం. పదివేలలో ఒకటి ఎవరికో ఒకరికి రావాలి, ఆయనకి వచ్చింది. ఆ వాక్యంలో ఎవరి తప్పూ లేదు. రాత్రి దాన్ని తలకింద పెట్టుకుని పడుకునేది. ఇప్పుడీ పిల్ల తొమ్మిది పేర్లు చెప్పి ఆ వాక్యాన్ని లాగేసింది. రెండు రావలసిన చోట మూడు వస్తే ఖర్మ అనుకోవచ్చు. తొమ్మిది వస్తే లెక్కలో ఏదో మారిందన్నమాట.

లెక్క కింద సన్న అక్షరాల వరస ఒకటి ఉంటుంది. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరిచేతా చదివించలేదు. ఇప్పుడు చదివింది. "నమూనా: ఈ రేవులోనే, క్షేమపట్టీలు రాకముందు పన్నెండేళ్ళ లెక్కలు."

"అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో చెప్పండి," అని అడిగింది.

పిల్లలు చెప్పారు. అప్పటి పడవలో నలుగురెళ్ళేవాళ్ళు, ఇప్పుడు వలను పడవే లాక్కుంటుంది కాబట్టి ఒక్కరే వెళ్తారు. ఇప్పుడు ఇంజన్లు మంచివి. గాలి సంగతి ముందే తెలుస్తుంది.

"మా మామ్మ అప్పట్లో పడవలొచ్చేదాకా ఒడ్డునే కూర్చునేదంటండి," అంది వీరమణి. "ఇప్పుడు సీరియల్ చూస్తది."

తరగతి అంతా పగలబడి నవ్వింది. గంగారత్నం సుద్దముక్కను బల్లమీద పెట్టింది.

మధ్యాహ్నం వీరమణి మామ్మ మసేనమ్మ మనవరాలికి క్యారేజీ తెచ్చింది. గంగారత్నం గేటు దాకా వెళ్ళి, అరుగు మీద ఆమె పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, పట్టీలు రాకముందు మీరంతా ఒడ్డున ఏం చేసేవాళ్ళు?"

"ఏం చేస్తామమ్మా, సూసేవోళ్ళం. సేపలు ఏరుకుంటా, ఒకళ్ళనొకళ్ళు ఆడిపోసుకుంటా, ఓ కన్ను కెరటాల మీదే. పడవ తిరగబడేది నడి సంద్రంలో కాదు, ఒడ్డుకొచ్చేటప్పుడే కదా! తిరగబడిందంటే ఒకటే కేక. పదిమంది తాడట్టుకుని ఉరికేవోరు. మీ మావగారిని రెండుసార్లు లాగాం, నీకు తెల్దా?"

"తెలీదు. అలా ఎంతమందిని లాగి ఉంటారు?"

"ఎవరికి గుర్తు? ఏటా ఆరుగురో, ఏడుగురో."

"అవెక్కడైనా రాశారా?"

మసేనమ్మ వింతగా చూసింది. "బతికొచ్చినోణ్ణి ఎవరు రాస్తారమ్మా?"

గంగారత్నానికి ఇక అడగవలసింది లేకపోయింది. పదివేలలో ఒకటి అనే అంకె సముద్రానిది కాదు. ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ళ కళ్ళు కూడా కలిసిన అంకె అది. అది చూసి ఆ ఆడవాళ్ళు నిశ్చింతగా ఇళ్ళకు వెళ్ళిపోయారు. అంకె మాత్రం పట్టీ మీద అలాగే ఉండిపోయింది.

"ఏం టీచరమ్మా, అలా అయిపోయావు? తిన్నావా?"

"తింటాను పెద్దమ్మా. ఇవాళ నాలుగున్నరకి ఒడ్డుకి వస్తావా?"

"ఎందుకూ? మావోడిది పచ్చగానే ఉందిగా," అని మసేనమ్మ తన పట్టీ చూపించబోయి, టీచర్ మొహం చూసి చెయ్యి దించేసింది. "వస్తాన్లే," అంది.

బడి వదిలాక గంగారత్నం ఇంటికి వెళ్ళి వరండాలో కూర్చుంది. అక్కడి నుంచి సరుగుడు చెట్ల వరస కనిపిస్తుంది. దాని వెనకే సముద్రం. శాఖవాళ్ళు పంపిన కాగితం అలమరలో ఉంది, తియ్యనవసరం లేదు. పడవ తిరగబడిన వేళ, నాలుగు. నాడి ఆగిన వేళ, అయిదూ యాభై. ఒడ్డుకు దూరం, మూడువందల అడుగులు. వేటకెళ్ళేవాళ్ళకీ పట్టీ ఉంటుంది; ఎల్లాజీ మణికట్టున ఉన్నది అన్నీ రాసుకుంది. ఎవరికీ చెప్పలేదు. మొదట్లో పట్టీలు మోగేవి. ప్రతి కెరటానికీ మోగుతున్నాయని జనమే విసుక్కుంటే ఆ మోత తీసేశారు. అంకె అంత బాగున్నప్పుడు మోత ఎందుకన్నారు. గంగారత్నం కూడా ఆ అర్జీ మీద సంతకం పెట్టింది.

ఆ రోజు నాలుగు నుంచి ఆరు దాకా ఈ వరండాలోనే ఇదే కుర్చీలో ఉంది. పిల్లల పుస్తకాలు దిద్దింది. ఆ కట్ట ఇంకా కిటికీ దగ్గరే ఉంది. బడికి వెళ్ళడం కుదరక తిరిగి ఇవ్వలేదు.

ఒక్కొక్కటే తీసింది. అభ్యాసం పద్నాలుగు, మూడో లెక్క. రెండు. రెండు. రెండు. పక్కన తన ఎర్ర సిరా గుర్తు, దాని కింద పొట్టి సంతకం, నియమం ప్రకారం దిద్దిన వేళ. నాలుగూ అయిదు. నాలుగూ తొమ్మిది. నాలుగూ పన్నెండు.  ఒక్కో పుస్తకానికి మూడు నిమిషాలు పట్టింది. కొన్నిటికి నాలుగు.

ముప్పై ఒకటోది వీరమణిది. ఎనిమిది అని ఉంది. దాన్ని తనే అడ్డంగా కొట్టేసి, పక్కన రెండు అని వేసింది. కింద, "జాగ్రత్తగా చెయ్యి." వేళ, అయిదూ నలభై.

గంగారత్నం ఆ పుట చాలాసేపు చూసింది. తర్వాత కలం తీసి, కొట్టేసిన ఎనిమిది పక్కన "సరైనదే" అని రాసి సంతకం పెట్టింది. గోడ గడియారం చూసి వేళ వేసింది. నాలుగున్నర. పుస్తకం మూసి, చెప్పులు వేసుకుని ఒడ్డు వైపు నడిచింది.

అడుగులు లెక్కపెట్టకూడదనుకుంది కానీ ఆ అలవాటు పోలేదు. మూడువందల పదకొండు. ఇసకలో నడిచి చేరడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

ఒడ్డున మసేనమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. వీరమణి ఆమె పక్కన నిలబడి, వచ్చే పడవలను వేళ్ళమీద లెక్కపెడుతోంది. దూరంగా మొదటి పడవ కెరటాల వరసలోకి దిగుతోంది. గంగారత్నం దాని మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడింది. లోపల మాత్రం చిన్నపిల్లలు చేసే తీసివేతలు రెండు వాటంతటవే జరిగిపోయాయి.

యాభైలో నలభై పోతే పది. పదిలో నాలుగు పోతే ఆరు.