టేపు పక్కన బొటనవేలు

ఉదయం ఏడు కాగానే ముందు గదిలో కట్టు మార్చే పని మొదలవుతుంది. కోడలు చిన్న పీట మీద కూర్చుని మామగారి కుడి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంటుంది. కాచి చల్లార్చిన నీళ్ళతో పాత కట్టు తడిపి, ఊపిరి బిగబట్టి, గాజుగుడ్డ పుండుకు అంటుకోకుండా విప్పుతుంది. దానికి ముందు చేతులు కడుక్కుని, రెండు అరచేతులూ రుద్దుకుని వేడి చేసుకుంటుంది. చల్లటి చేతులు చీలమండకు తగిలితే ఆయన ఉలిక్కిపడతాడని మొదటిరోజే గమనించింది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. ఆయనా అనలేదు కానీ రోజూ చూస్తున్నాడు.

ఆయన దర్జీ. నలభై ఏళ్ళుగా అదే గదిలో, కిటికీ పక్కన, కుట్టుమిషను తొక్కాడు. ఇప్పుడు మిషను మీద దుప్పటి కప్పి ఉంది. షుగరు ముదిరి కాలివేళ్ళకు స్పర్శ పోవడంతో బొటనవేలి అడుగున పుండు ఎప్పుడు పడిందో ఆయనకే తెలియలేదు. పది రోజుల క్రితం డాక్టరు చెడిపోయిన కండ కోసి శుభ్రం చేశాడు. మానుముఖం పడితే సరే, లేకపోతే వేలు తీసేయాలన్నాడు. బొటనవేలు పోతే పెడలు మీద పట్టు ఉండదు. ఆ దుప్పటి ఇక తీయనక్కర్లేదు.

కూతురు మరో ఊళ్ళో పెద్దాసుపత్రిలో నర్సు. ఇంట్లో అందరికీ చిట్టి. రోజూ పుండు ఫోటో తీసి పంపితే అక్కడి సర్జనుకి చూపిస్తానని చెప్పింది. కోడలు ఆ మాట పట్టుకుంది. మామగారి కొలత టేపును వేడినీళ్ళలో కడిగి ఆరబెట్టి, పుండు పక్కన ఆనించి, ఫోటో తీసి పంపుతుంది. పంపగానే తన ఫోన్లోంచి చెరిపేస్తుంది. పిల్లలు టిఫిను తింటూ ఆ ఫోనే చూస్తారు. ఒకసారి చిన్నది ఆ ఫోటో చూసి పళ్ళెం తోసేసి లేచిపోయింది. అప్పటినుంచి, గిన్నె వాడగానే కడిగి బోర్లించినట్టు, ఫోటో పంపగానే తుడిచేయడం ఆమెకు అలవాటైంది.

ఇంతా చేస్తే ఆ ఫోటోలు చిట్టికి చేరడం లేదు.

కోడలిది పాత ఫోను, కొత్త యాప్ ఏదీ పట్టదు. భర్త ఫోను అతనితోపాటే తెల్లారకముందే డ్యూటీకి పోతుంది. మామూలు మెసేజీలోనే పంపాలి. "పంపాను, చూడు" అన్న మాట చక్కగా చేరుతుంది. ఫోటో ఉండాల్సిన చోట మాత్రం సందేశం దిగలేదని ఒక బూడిదరంగు గీత కనిపిస్తుందట. సరిగ్గా పంపమని చిట్టి, సరిగ్గానే పంపానని కోడలు. రెండుసార్లయితే కట్టిన కట్టు మళ్ళీ విప్పి కొత్తగా తీసి పంపింది. ఫోన్ల షాపతను సిమ్ము తీసి చొక్కాకు తుడిచి పెట్టాడు. ఫోటో మెసేజీ సిమ్ డేటా మీదే పోతుందని, అది ఆన్‌లోనే ఉందని, ఈ ఫోన్లో లోపమేమీ లేదని చెప్పి పంపాడు. తొమ్మిదో రోజు చిట్టి ఫోన్లో ఒక్క మాట అని పెట్టేసింది. "నీకు చేతకాకపోతే చెప్పు వదినా, నటించకు."

పదో రోజు ఉదయం కట్టు పూర్తయి కోడలు చేతులు తుడుచుకుంటుండగా వాకిట్లో ఆసుపత్రి వ్యాను ఆగింది. చిట్టి దిగి భుజాన సంచీ కూడా తీయకుండా లోపలికి వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఆపరేషను కుదిర్చానని, నాన్నని తీసుకుపోతానని చెప్పింది. చెడు పాదం దాకా పాకకముందే వేలు తీయించేస్తే మంచిదట.

"నన్నొక మాట అడగక్కర్లేదా?" అన్నాడు తండ్రి.

"అడిగితే మీరు వద్దంటారు నాన్నా. మిషను మీదున్న ప్రేమ కాలి మీద లేదు మీకు."

ఆమె కింద కూర్చుని, ఇప్పుడే కట్టిన కట్టు చకచకా విప్పసాగింది. వేళ్ళు తగలగానే ఆయన పాదం వెనక్కి లాక్కున్నాడు. అది నొప్పనుకుంది చిట్టి. పుండు చూసి ఆమె ముఖం ఎర్రబడింది. నెల కిందట తను వచ్చినప్పుడు అది గోరంత ఉంది. ఇప్పుడు దానికి రెండింతలుంది.

"దీన్ని ఇంత చేశారా ఇంట్లో ఇంతమంది ఉండి?"

డాక్టరు కోసి శుభ్రం చేసినందుకే అలా పెద్దదిగా కనబడుతోందని, ఆ రోజు ఇంతకంటే రెట్టింపు ఉండేదని, తగ్గుతూ వస్తోందని కోడలు చెప్పింది. చిట్టి చెయ్యి చాచింది. తగ్గితే ఫోటోలుండాలి కదా, చూపించమంది.

"నా దగ్గర లేవు. పంపినవి పంపినట్టే చెరిపేశాను."

చిట్టి నవ్విన నవ్వు తండ్రికి ఎక్కడో గుచ్చుకుంది. "భలే ఉంది. నాకు రావు, నీ దగ్గర ఉండవు. మరి తీసినట్టు ఎవరికి తెలుసు వదినా, ఆ ఫోనుకా?"

బస్సు డిపోలో మెకానిక్కయిన కొడుక్కి ఆ రోజు సెలవు. కేకలు విని పెరట్లోంచి వచ్చాడు. ఆస్పత్రి కాగితాల్లాంటి వాటిని ఎవరైనా చెరుపుతారా, బుద్ధుందా అని అతనూ భార్యమీదే విరుచుకుపడ్డాడు. అంతే, పది రోజులుగా పంటి బిగువున ఆపుకున్నదంతా ఆమెలో ఒక్కసారిగా కట్ట తెంచుకుంది.

"బుద్ధి లేదు నాకు. ఉంటే మీ నాన్నగారి కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్నా? మీరెప్పుడైనా ఆ కట్టు విప్పిన వాసన చూశారా? నీ సంగతి చెప్పు చిట్టీ. తొమ్మిది రోజులు తిట్టడానికి ఫోను చేశావు. ఎలా చేస్తున్నావు వదినా అని ఒక్కరోజు అడిగావా?"

"అడగడానికి ఏం చేశావని? కన్నతండ్రి కాదుగా నీకు."

కోడలు తడి గాజుగుడ్డలన్నీ గిన్నెలో వేసుకుని లేచింది.

"ఆగు తల్లీ, కూర్చో," అన్నాడు తండ్రి కోడలితో. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. అప్పుడూ పెద్దది చేయలేదు. "మిషను మీద దారం తెగుతుంటే కొత్తగా నేర్చుకునేవాడు పైనున్న సూదినే పదిసార్లు మారుస్తాడు. పైన అంతా బాగుంటే అడుగున దారం చుట్టి ఉండే బాబిన్ చూడాలి. ఇవతలి ఫోను అందరూ విప్పి చూశారు. అవతలిది ఎవరైనా చూశారా?"

తన ఫోన్లో ఏ లోపమూ లేదని, ఆసుపత్రిలో, హాస్టల్లో వైఫై మీద మిగతావన్నీ శుభ్రంగా వస్తున్నాయని చిట్టి గట్టిగా చెప్పింది. ఆమె మాట పూర్తికాకుండానే అన్న ఆమె ఫోను అందుకున్నాడు. షాపతను చెప్పింది అతనికి గుర్తుంది. చూడగానే కనిపించింది.

"సిమ్ డేటా ఆపేసి ఉంది కదే. ఎంత వైఫై ఉన్నా ఈ ఫోటోలు దిగవు." వేలు పెట్టి ఆన్ చేయబోయాడు.

"వద్దు." చిట్టి ఫోను లాక్కుంది. లాక్కున్న తీరుకి అందరూ ఆమె వంక చూశారు.

"ఎప్పుడు ఆపావు?" తండ్రి మెల్లగా అడిగాడు.

ఆమె అన్న వైపు చూసి చెప్పింది. "అమ్మ పోయిన రోజు. వార్డులో ఒకావిడకి సెలైను పెడుతున్నాను. జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే అమ్మ ముఖం. ఒక్క మాట లేదు అన్నయ్యా, ఒక్క ఫోను లేదు. ఫోటో పంపావు. అక్కడే నిలబడి ఆపేశాను. మళ్ళీ దాని జోలికి పోలేదు. ఏడాదిన్నర అవుతోంది, అసలు ఆపిన సంగతే మర్చిపోయాను."

అన్న గోడకు ఆనుకున్నాడు. "నీకు ఫోను చేశాను చిట్టీ. రింగవకముందే పెట్టేశాను. నోరు పెగల్లేదు. ఏం చెప్పాలో తెలియక…"

తండ్రికి ఆ రోజు గుర్తొచ్చింది. కొడుకు వరండాలో ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరగడం తను చూశాడు. లేచి వెళ్ళి ఆ ఫోను తీసుకుని తనే మాట్లాడి ఉండాల్సింది. కోపగించుకోవాలంటే ఆ గదిలో ముందు తన మీదే కోపగించుకోవాలనిపించింది.

చిట్టి ఫోను వంక చూస్తూ కూర్చుంది. తర్వాత తనే వేలు పెట్టి డేటా ఆన్ చేసింది. ఒక్కొక్క బూడిదరంగు గీతనూ నొక్కుతూ పోయింది. మొదటి రెండూ గడువు దాటి రాలేదు. మూడోది మెల్లగా గుండ్రం తిరిగి దిగింది. తర్వాతవి ఒకదాని వెనక ఒకటి దిగాయి.

ప్రతి దాన్లోనూ కింద పరిచిన తెల్లటి గుడ్డ, దాని మీద నాన్న పాదం, పుండు పక్కన నాన్న టేపు. టేపు మీద గీతలు నర్సు కళ్ళు లెక్కపెట్టాయి. ముప్పై అయిదు మిల్లీమీటర్లు. ముప్పై రెండు. ఇరవై తొమ్మిది. పసుపుపచ్చగా ఉన్న అడుగు ఎర్రబడింది, ఆ ఎరుపు చుట్టూ సన్నగా గులాబీ రంగు అంచు మొదలైంది. నిన్నటిదాన్లో ఇరవై రెండు. ఫోటో అంచున, పాదం కదలకుండా మడమ కింద పట్టుకున్న ఒక ఆడ చెయ్యి ఉంది. ఏ ఫోటోలోనూ అది లేకుండా లేదు.

చిట్టి అన్నీ సర్జనుకి పంపింది. కాసేపటికి జవాబు వచ్చింది. పుండు చక్కగా మానుతోందని, ఆపరేషను రద్దు చేస్తున్నానని, ఎవరు కడుతున్నారో గానీ వాళ్ళనే అలాగే కట్టమనమని ఆయన రాశాడు. చిట్టి దాన్ని పైకి చదివింది.

"వదినా," అంది.

కోపం కోడలి ముఖంలో ఇంకా ఉంది, ఉండాల్సిందే కూడా. విప్పేసిన కట్టు చూపించి, పుండు గాలికి ఎండిపోతోంది, ముందు కట్టమంది.

చిట్టి వెళ్ళి చేతులు కడుక్కొచ్చి పీట మీద కూర్చుని, పాదం అందుకోబోయింది. తండ్రి కాలు తెలియకుండానే వెనక్కి జరిగింది.

"ఆగు," అంది కోడలు. పక్కన చతికిలబడి, ఆడపడుచు తడి చేతులు రెండూ తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దసాగింది. "చల్లగా ఉంటే ఆయన ఉలిక్కిపడతారు."

చిట్టి తల వంచుకుంది. కన్నీళ్ళు వదిన మణికట్టు మీద పడ్డాయి. కోడలు రుద్దడం ఆపలేదు. తండ్రి కిటికీ పక్కనున్న మిషను వైపు ముఖం తిప్పుకుని, ఆ చేతులు వేడెక్కేదాకా ఓపిగ్గా ఎదురుచూశాడు.