గోడ మీది పిండి ముద్దలు

పెరుగు తోడుపెట్టడం తెలిసినవాళ్ళకి ఈ సంగతి అర్థం కావడం కష్టమేమీ కాదు. నిన్నటి పెరుగు చుక్క ఇవాళ్టి పాలని ఎలా పేరబెడుతుందో, నిన్నటి పులిసిన పిండి ఇవాళ్టి పిండిని అలాగే పొంగిస్తుంది. బజార్లో దొరికే ఈస్టు పొడి లేకుండా రొట్టె కాల్చే పద్ధతి అది. ఆ పులిసిన పిండికి రోజూ కాస్త కొత్త పిండి, కాసిని నీళ్ళు పెడుతూ ఉండాలి. పెట్టకపోతే ఆకలికి చచ్చిపోతుంది. చాన్నాళ్ళు దాచుకోవాలంటే కాగితం మీద పల్చగా రాసి, నీడన ఆరబెట్టి, పెచ్చులుగా విరిచి డబ్బాలో పోసుకోవాలి.

లూర్దు మేరీ అలాగే దాచింది. మిషన్ హాస్టల్ వంటింట్లో ఏళ్ళ తరబడి రొట్టెలు కాల్చిన మనిషి ఆవిడ. ఒంట్లో బాగోలేక గవరపాలెంలో కొడుకు ఇంటికి చేరాక, ఆ స్టీలు డబ్బా కోడలు సుజి చేతిలో పెట్టి, "ఎండినంత మాత్రాన సచ్చినట్టు కాదే అమ్మీ. నీళ్ళు సూపిత్తే లేత్తాది" అంది. లేచాక రోజూ సగం తీసి పారబోసి, మిగిలినదానికే మేత పెట్టాలని, లేకపోతే జాడీ చాలదని కూడా చెప్పింది.

ఆ తరవాత కొద్ది రోజులకే ఆవిడ ఆసుపత్రి పాలైంది. పేగుకి ఆపరేషను. నోటికి ఏమీ ఇవ్వకూడదన్నారు. కొడుకు బెన్‌హర్ మంచం పక్కనే కూర్చున్నాడు. ఆవిడ అడిగింది ఒక్కటే, పాలల్లో ముంచి ఓ రొట్టె ముక్క నోట్లో పెట్టమని. డాక్టరు మాట దాటడానికి అతనికి ధైర్యం చాల్లేదు. పెట్టలేదు. తెల్లారేసరికి ఆవిడ లేదు.

అప్పట్నుంచి బెన్‌హర్‌కి ముద్ద దిగదు. పరవాడ వైపు మందుల కంపెనీలో పని. సుజి కట్టిన క్యారేజీ కట్టినట్టే తిరిగొచ్చేది. కూడా పనిచేసే ధనరాజ్ బిర్యానీకి లాక్కెళ్ళాడు. ఫాదరు గారు ఇంటికొచ్చి గంటసేపు నచ్చజెప్పారు. తలూపేవాడు, కంచం ముందు కూర్చునేవాడు, రెండు మెతుకులు కతికి లేచిపోయేవాడు. బెల్టుకి కొత్త బెజ్జాలు పడ్డాయి. రాత్రి పక్కమీద చెయ్యి వేస్తే సుజికి పక్కటెముకలు తగిలేవి. ఇలాగే సాగితే ఈయన్నీ పోగొట్టుకుంటానని ఆమెకి భయం పట్టుకుంది. తల్లి చేతి రొట్టె అయితే తింటాడేమో అని, అటక మీంచి ఆ డబ్బా దింపింది.

గోరువెచ్చని నీళ్ళలో పెచ్చులు నానబెట్టి, గోధుమపిండి, చిటికెడు బెల్లం కలిపి గాజు సీసాలో పోసింది. మొదట్లో ఏమీ లేదు. తడిసిన కాగితం వాసన, అంతే. తరవాత అడుగున చిన్న బుడగ లేచింది. దాని పక్కన ఇంకోటి. ఒకరోజు పొద్దున్న చూసేసరికి సీసా మూత పక్కన పడి ఉంది. పిండి అంచు దాటి గట్టు మీదికి పాకింది. ముగ్గిన అరటిపండు, నానిన చింతపండు కలిసిన వాసన. ఆ వాసన వెనక మరొకటి. ఆసుపత్రి గదిలో, కిటికీలు మూసిన వేళ వచ్చిన వాసనలాంటిది.

సగం పారబోయాలి కదా. సుజికి చేతులు రాలేదు. పుట్టింట్లో కింద పడ్డ మెతుకుని కూడా కళ్ళకద్దుకుని పక్కన పెట్టే అలవాటు ఆమెది. అందుకని తీసిన పిండిలో కాస్త పొడిపిండి కలిపి గట్టిగా ముద్ద చేసి, కాకులైనా తింటాయని పెరటి గోడ మీద పెట్టింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

పక్కింటి కనకమహాలక్ష్మి ఆ గోడ అవతలే బట్టలారేస్తుంది. బుచ్చయ్యపేట దగ్గర చెరుకు పండించే కుటుంబం నుంచి వచ్చిన మనిషి. నాలుగు రోజులు చూసి ఊరుకుంది గానీ, ఐదో రోజు ఉండబట్టలేకపోయింది.

"ఎవులికెడతన్నావే ఈ ముద్దలు?"

"కాకులకి పిన్నీ. పారీలేక."

"ముద్ద సేసి గోడ మీద ఎడితే, పోయినోలకి ఎట్టినట్టేనే అమ్మీ."

మాకు అలాంటివి లేవని సుజి నవ్వింది. కనకమహాలక్ష్మి నవ్వలేదు. కాకులు దూరంగా తీగ మీద కూర్చుని చూస్తున్నాయి తప్ప ఒక్కటీ దిగడం లేదనీ, అయినా సందేళకి గోడ మీద ఏమీ మిగలడం లేదనీ చెప్పింది.

"నీ కోడళ్ళు పట్టుకుపోతన్నారేమో పిన్నీ."

"నా కోడళ్ళు సికెన్ పకోడీ అయితే దొంగతనం సేత్తారు గానీ, పచ్చిపిండికి రారే" అంది ఆవిడ, తడిబట్ట దులుపుతూ. కానీ మళ్ళీ గోడ వైపు చూడలేదు.

ఆ శనివారం అల్పపీడనం వాన పట్టుకుంది. సీసాలో పిండి నిండా పొంగింది. ఇవాళ రొట్టె కాల్చవచ్చు. సుజి మధ్యాహ్నమే పిండి పిసికి, బేసిన్లో వేసి, తడిగుడ్డ కప్పింది. తీసిన సగం ముద్ద చేసింది గానీ, వానలో గోడ మీద ఎక్కడ నిలుస్తుంది? పళ్ళెంలో పెట్టి వంటగట్టు మీద వదిలేసింది.

సందేళ కరెంటు పోయింది.

రేకుల మీద వాన చప్పుడు. చూరు నీళ్ళు బకెట్లోకి కారే చప్పుడు. ఆ రెంటి మధ్యలో ఇంకో చప్పుడు వినిపించింది సుజికి. పెరటి గోడ మీద ఎవరో అరచేత్తో తడుముతున్నట్టు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా... మెల్లగా. ఆగింది. మళ్ళీ ఆ చివర్నుంచి ఈ చివరికి.

కిటికీలోంచి చూసింది. ఎవరూ లేరు. గోడ మీంచి వాననీళ్ళు జారుతున్నాయి. ఒక్కచోట మాత్రం, అడ్డంగా ఏదో ఉన్నట్టు, పక్కలకి తొలిగి జారుతున్నాయి. ఆ చోటు కదులుతోంది.

తలుపు గడియ పెట్టింది. వెతుకుతున్నదేదో ఇచ్చేస్తే పోతుందనిపించింది. కిటికీలోంచి విసిరేద్దామని పళ్ళెం మీద చెయ్యి వేసింది.

పళ్ళెం ఖాళీ.

ఆ వాసన ఇప్పుడు సీసాలోంచి రావడం లేదు. వెనకనుంచి వస్తోంది. సుజి తిరగలేదు. జపమాల పట్టుకుని గోడకి ఆనుకుపోయింది. ఎక్కడిదాకా చెప్పుకుందో మర్చిపోయి, మళ్ళీ మొదట్నుంచి...

వీధి తలుపు కొట్టారు. "సుజీ."

బెన్‌హర్. ప్రాణం లేచొచ్చింది. తడుముకుంటూ వెళ్ళి తలుపు తీసింది. నిలువునా తడిసిపోయి ఉన్నాడు. తువ్వాలిచ్చి వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, కొవ్వొత్తి కోసం అలమర వెతుకుతోంది.

"ఆకలేత్తంది సుజీ" అన్నాడతను చీకట్లోంచి.

ఆర్నెల్లుగా ఆమె ఎదురుచూసిన మాట అది. భయం సంగతే మర్చిపోయింది. కళ్ళు చెమర్చాయి. ఒక్క పావుగంట ఓపిక పట్టమని, స్టవ్ మీద మందపాటి గిన్నెలో రొట్టె కాల్చేస్తానని చెబుతోంది.

నమిలే చప్పుడు వచ్చింది. మెత్తగా... తడిగా. గుటక. మళ్ళీ నమలడం.

బేసిన్లోది తీసుకున్నాడనుకుంది. "పచ్చిది తినకండి. కడుపులో పొంగుద్ది."

నమలడం ఆగలేదు.

అగ్గిపుల్లలు చెమ్మ పట్టాయి. ఒకటి విరిగింది. ఇంకోటి విరిగింది. చివరికి ఒకటి అంటుకుంది, కొవ్వొత్తి వెలిగింది.

బేసిన్ మీద గుడ్డ కప్పింది కప్పినట్టే ఉంది. బెన్‌హర్ పీట మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, అరచేతులు పైకి... ఖాళీగా.

నోరు తెరిచాడు. చిన్నపిల్లలు తెరిచినట్టు. ఏదో లోపలికి వెళ్ళింది. బుగ్గ ఉబ్బింది. నమిలాడు. మింగాడు. మళ్ళీ నోరు తెరిచాడు. పెరటి గోడ మీద ముద్దలకి పట్టే గండుచీమ ఒకటి అతని పెదవి మీంచి గడ్డం మీదికి పాకింది. దాని వెనకే, మూతి పక్కన అంటిన పిండి, దానంతటదే ఒక వైపుకి తుడుచుకుపోయింది.

సుజి కొవ్వొత్తి దగ్గరికి జరిపింది. అతని పొట్ట వైపు చూసింది. తడి చొక్కా బొత్తాలు బిగిసి ఉన్నాయి. ఇంకా బిగుస్తున్నాయి.

"అత్తమ్మా..." అంది గొణుగుతూ. "సాలత్తమ్మా. ఆయన కడుపు నిండిపోయింది. ఇంక ఎట్టకు..."

బెన్‌హర్ నోరు మూతపడింది. గోడకి తల ఆన్చి, సన్నగా గురక పెట్టాడు. ఆర్నెల్లుగా ఆ మొహంలో అంత నిమ్మళం చూడలేదు సుజి. ఊపిరి తీసుకుంటున్నాడు. బతికే ఉన్నాడు. వాన కూడా తగ్గుముఖం పట్టింది. ఆమె జపమాల కళ్ళకద్దుకుంది. విన్నది, పోయింది, అనుకుంది.

కొవ్వొత్తి మంట ఆమె వైపు వాలింది.

ఎదురుగా ఎవరూ లేరు. అయినా ఆమె పెదవులకి ఏదో తగిలింది. చల్లగా, మెత్తగా, పుల్లగా.

సుజి పళ్ళు బిగబట్టింది.

అది వెనక్కి పోలేదు. అన్నం వద్దని మారాం చేసే పిల్లల దగ్గర తల్లులు ఆగినట్టు, ఓపిగ్గా, అక్కడే ఆగి ఉంది.