మూడొందల ఒకటి

భీమవరంలోని ఆ ఇంజినీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులోకి చెప్పులతో వెళ్తే అటెండరు చిట్టియ్య ఒప్పుకోడు. 2003 ఆగస్టులో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఫణిశ్రీ తన కొత్త తోలు చెప్పులు గుమ్మం పక్కన విడిచింది. అక్కడ వేరే జత లేదు.

లోపల ఏసీ రొద. కిటికీ సందులోంచి రొయ్యల మేత వాసన.

రేపే ప్రాజెక్టు వైవా. చూపించాల్సింది ఒక బుల్లి సర్వరు. బ్రౌజరులో ఏ నంబరు అడిగితే ఆ నంబరే జవాబిస్తుంది. 200 అంటే అంతా బాగున్నట్టు, 404 అంటే పేజీ లేనట్టు. రాసింది ఫణిశ్రీ కాదు, ఆమె ప్రాజెక్టు జోడీ సత్యకుమారి. నెల కిందట, ఎక్కిన ఆటో కాలువలో బోల్తాపడి చనిపోయింది.

పోయినదాని మీద కుళ్ళేంటంటారా? బతికుండగా ఫస్టు ర్యాంకొక్కటే దానిది. పోయాక ఊళ్ళో మంచితనమంతా దానిదే. "సత్యకుమారి ఉంటేనా..." అని ప్రాజెక్టు చూసే చంద్రరావు మాస్టారు నిట్టూర్చినప్పుడల్లా ఫణిశ్రీకి ఒళ్ళు మండేది. ఒక్కసారి, ఒక్కసారైనా, ఆయన తనని 'శభాష్' అనాలి.

ప్రోగ్రాం మొదటి వరుసలో సత్యకుమారి పేరు చెరిపి తన పేరు కొట్టింది.

"ఇకనైనా తప్పుకోవే," అని గొణిగింది.

సర్వరు నడిపి 200 అడిగింది.

301 వచ్చింది.

404 అడిగింది. 301.

500... మళ్ళీ 301.

301 అంటే 'ఇక్కడ లేను, శాశ్వతంగా మారిపోయాను' అని. కింద కొత్త చిరునామా ఉంటుంది. ఈ సంగతి నేర్పిందీ సత్యకుమారే. ఫణిశ్రీ కిందికి చూసింది.

చిరునామా స్థానంలో తన పేరుంది.

తను కొట్టిన పేరే ఎక్కిందేమోనని చెరిపేసింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ తన పేరే.

ఏసీ ఆగింది. మేత వాసన పోయి... కాలువ బురద వాసన. వీపు వెనక. చాలా దగ్గరగా...

"ఎ... ఎవరూ?"

ఇద్దరికీ ఒకటే సిస్టమ్ ఇచ్చిన రోజుల్లో, కుర్చీ వెనక రోజూ వినిపించిన సత్యకుమారి గొంతు, మెల్లగా...

"జరగవే."

ఫణిశ్రీ పరిగెత్తింది. గుమ్మం దాటి, స్తంభం పట్టుకుని రొప్పింది.

చిట్టియ్య రిజిస్టరులోంచి తలెత్తలేదు. "పనైపోయిందా, సత్యమ్మా?"

'నేను ఫణిశ్రీని' అనబోయి కిందికి చూసింది. గుమ్మం పక్కన తోలు చెప్పులు లేవు. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన సత్యకుమారి నీలం హవాయి చెప్పులు... తడితడిగా...

తన కాళ్ళకే ఉన్నాయి.