ఎల్లేశం వంతు

సకల జనుల సమ్మెల బస్సులు బందు, బడులు బందు, బొగ్గుబాయిలు సుత బందు. బొగ్గు లేకపాయె, కరెంటు లేకపాయె. సిరిసిల్లల బట్ట నేసే సాంచలన్నీ నోరు మూసుకున్నయి. పొద్దంత టకటకమనే గల్లీ సప్పుడు లేకుంట ఉంటే స్వప్నకు ఏం తోచకపాయె.

ఆ దినం పెత్రమాస. పొద్దుగాల్నే వాళ్లవ్వ సత్యవ్వ సచ్చిపోయినోళ్ల పేరు మీద బియ్యమిచ్చింది. "ఇయ్యాల సచ్చినోళ్ల పేరు ఊకె తియ్యకుండ్రి. పేరు తీసి పాలు, అదే వాళ్ల వంతు, పెడితే వచ్చి కూసుంటరు," అని మొత్తుకుంది. ఎవలింటరు? ఈ కాలపు పిల్లలకు ముసలోళ్ల మాటంటే గాలికి పోయే పేలపిండే.

స్వప్న అన్న నరేందర్ సాంచలు నడుపుతడు. వాని దోస్తు రంజిత్‌ది ఇబ్రహీంపట్నం. బస్సుల్లేక వీళ్లింట్లనే చిక్కుకున్నడు. వాళ్ల నాయిన దుబాయి నుంచి పంపిన ఆట డబ్బ ఒకటి వాని సంచిల ఉండె. బువ్వ వండేలోపు ఒక ఆట ఆడుదామని ముగ్గురు నరేందర్ పనిచేసే సాంచల షెడ్డుల జొర్రిన్రు. బందు నాడు షట్టర్ తెరిచి ఉంటే ఎవలన్న వచ్చి లొల్లి పెడ్తరని, దించుకుని కొవ్వొత్తి ముట్టిచ్చిన్రు. బయట మండే ఎండ, లోపల కొవ్వొత్తి ఎలుగు దాటితే కన్ను పొడుసుకున్నా కానరాని చీకటి. గంజి వాసన, నూనె వాసన, గాలిల పత్తి నూగు.

"ఆటల కొట్లాట ఎట్లుంటదో ఇనుండ్రి," అన్నడు రంజిత్. "ఇది ఇరవై మొఖాల పాచిక. ఎవలికి పెద్దంకె పడితే వాళ్లది మొదటి వంతు. తలా పది చింతగింజలు. గవే పానాలు. దెబ్బ తాకితే గింజలు పోతయి, ఆఖరిది పోతే సచ్చినట్టే. ఇంకోటి... దుష్మన్ పక్కనుండంగ వీపు తిప్పి పోతే, వాని వంతు కాకున్నా ఒక దెబ్బ ఎయ్యొచ్చు."

"దుష్మన్ ఎవడు మరి?"

"రాక్షసుడు. పేరు మీరే పెట్టుండ్రి."

నరేందర్ నోరు ఊకుంటదా? "ఎల్లేశం," అన్నడు.

ఎల్లేశం ఇదే షెడ్డుల మూడో సాంచ నడిపినోడు. పోయినేడు పోగు మోసే నాడె ఎగిరొచ్చి కణతకు తాకితే ఆన్నే పడి పానమిడిసిండు. ఉన్నన్ని దినాలు నరేందర్‌కు ఆయనకు ఉప్పు నిప్పు. ఇప్పుడా సాంచ నరేందర్‌దే.

"గా పేరద్దు అన్నా... ఇయ్యాల పెత్రమాస."

"బతికున్నప్పుడు నన్ను సతాయించిండు. ఇయ్యాల నేను కొడ్త," అని నరేందర్ పది గింజలు మూడో సాంచ దిక్కు పెట్టిండు. పేరు తీసిండు, పాలు పెట్టిండు. ఇంకేం గావాలె!

రాక్షసుని తరపున రంజిత్ పాచిక ఏసిండు. ఇరవై. మొదటి వంతు రాక్షసునిదే, దెబ్బ నరేందర్ మీదనే పడ్డది, నాలుగు గింజలు పోయినయి. స్వప్న ఏసింది, తాకలే. నరేందర్ ఏసిండు, ఒకటే పడ్డది, గదీ తాకలే. మళ్ల రాక్షసుని వంతు. రంజిత్ చెయ్యి చాపి ఆగిపోయిండు.

"నేనింక... ఎయ్యలే."

పాచిక అప్పటికే మూడో సాంచ దిక్కు పడి ఉంది. ఇరవై.

టక్.

సాంచ ఒక్క పెట్టు కొట్టింది. కరెంటు లేదు... కొవ్వొత్తి మంట ఒరిగింది. జర్దా వాసన. ఎల్లేశం నమిలే జర్దా. నరేందర్ ముంగట ఒక్కటే గింజ మిగిలింది. పోయిన ఐదు గింజలు ఎవలూ తియ్యలే.

"అన్నా... పోదాం పా," స్వప్న గుసగుసలాడింది. ఆ ఆఖరి గింజను పిడికిట్ల దాసుకుంది. చెల్లె పానం గదా, ఇంకేం తోచలే ఆమెకు.

"వీపు తిప్పకు నరేందర్..." అన్నడు రంజిత్. "తిప్పితే ఒక దెబ్బ ఉంటది."

నరేందర్ ఎనుకకెనుకకే నడిచిండు. కండ్లు మూడో సాంచ మీదనే. పక్కపొంటి ఎవలో నడిచినట్టు సాంచల మీది పోగులు ఒకటెనుక ఒకటి వణికినయి. రంజిత్ షట్టర్ లేపిండు. బయటవడంగనే ధన్‌మని దించిండు.

ఎండ. దూరంగ జై తెలంగాణ అని జులూసు. ముగ్గురికి పానం లేచొచ్చింది. నరేందర్ షట్టర్ దిక్కే సూసుకుంట పకపక నవ్విండు.

"నరేందర్! బువ్వ సల్లారుతాంది, రా కొడుకా!" గల్లీ మూల నుంచి సత్యవ్వ పిలిచింది.

"అచ్చిన అవ్వా!" అని వాడు షట్టర్‌కు వీపు తిప్పి అటు తిరిగిండు.

మూసిన షెడ్డుల... టక్. ఒక్కటే.

"ఏం కాలే, సూసినవా!" అనుకుంట నరేందర్ ముంగట నడిచిండు. స్వప్న పిడికిలి తెరిచింది. అప్పటిదాంక ఒక్క ఏలు సుత సడలియ్యలేదామె. గింజ నిలువున రెండు చెక్కలై ఉంది.

ముంగట అన్న ఇంక నవ్వుతనే ఉన్నడు.