రత్నమణి సాక్ష్యం

ఆపరేషనుకు వెళ్లాల్సిన రోజు పొద్దున్నే కృపాకర్ తన భార్య రత్నమణి సంచి లాక్కుని, రిపోర్టులతో సహా బీరువాలో పెట్టి తాళం వేసేశాడు! గుమ్మంలో ఆటో ఆగి ఉంది. కూతురు దీనా తండ్రి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. కుచ్చిళ్లు సర్దుకుంటున్న రత్నమణి చేతులు అక్కడే ఆగిపోయాయి.

“డాడీ, సిన్న గెడ్డే అన్నారు డాక్టరుగారు! ఇప్పుడు తీయిస్తే అమ్మ బతుకుతాది!”

“నిన్న యారాడ ప్రార్థన కూటంలో ఏటి సెప్పానో తెలీదా నీకు? నా భార్య రొమ్ములో గెడ్డ ప్రభువు కరిగించీసాడని సాక్ష్యం సెప్పాను. ఇప్పుడు మీయమ్మ ఆస్పత్రి మెట్లెక్కితే ఆల్లు నవ్వరా? దేవుడి పేరేం కావాల?”

“కరగలేదు కదండీ...” అంది రత్నమణి.

“నాను విశ్వాసంతో ముందే సెప్పాను. నీ అపనమ్మకమే అడ్డం!”

కృపాకర్ పగలు పోర్టులో గుమాస్తా, సాయంత్రం వన్ టౌన్‌లో అద్దె హాల్లో నడిచే చర్చికి పాస్టరు. ఆ ఇంట్లో ఏ పనికైనా సేవే ముందు. దీనా పుట్టిననాడు కూడా ఆయన సువార్త కూటంలోనే ఉన్నాడు. ఊరందరి రోగాలకీ ఉపవాసం ఉండే ఆ మహానుభావుడు పెళ్లాం అన్నం తిన్నదో లేదో ఏనాడూ అడిగిన పాపాన పోలేదు! రత్నమణి మాత్రం ఆయన్ని తలచుకోలేదు. యారాడలో కొత్తగా నమ్ముకున్న బెస్తవాళ్లను తలచుకుంది. తన మూలంగా వాళ్ల మనసు విరిగిపోతే ప్రభువుకు ఏం జవాబు చెప్పుకోవాలి... కళ్లు తుడుచుకుని ఆటోని పంపేసింది.

నెలలు గడిచాయి. ప్రతి కూటంలో ఆమెను ముందు కూర్చోబెట్టి “ఇదిగో, సజీవ సాక్ష్యం!” అని చూపించేవాడు. గడ్డ పెరిగింది, చెయ్యి వాచింది. నొప్పికి పళ్లు బిగబట్టి పమిట నిండుగా కప్పుకుని, ఆ తల్లి నవ్వుతూ కూర్చునేది! చివరికి యారాడలో కృతజ్ఞత కూడిక పెట్టి, ఈసారి సాక్ష్యం ఆమె నోటితోనే చెప్పాలన్నాడు.

ఆ సాయంత్రం షామియానా వెనక చేపలమ్మే తవిటమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“అమ్మగోరూ, నాకూ అలాటి గెడ్డే ఉన్నాది. కోసీయాలన్నారు. మీకు కరిగిపోనాదని అయ్యగోరు సెప్పినారు గదా, నానూ ఆస్పత్రికి ఎల్లడం మానీసినాను. ఎన్నాల్లకి కరుగుతాదమ్మా?”

తన ఒక్క ప్రాణమే పోతుందనుకుంది రత్నమణి ఇన్నాళ్లూ... వేదికెక్కి మైకు పట్టుకుంది.

“నా గెడ్డ కరగలేదు. పెరిగిపోయింది. దేవుడు నన్ను విడిచిపెట్టలేదు, కానీ ఆయన పేరు మీద నాను అబద్ధం మోసాను. నన్ను సెమించండి. తవిటమ్మా, రేపే ఆస్పత్రికి ఎల్లు తల్లీ! నీకు దండం పెడతాను!”

కృపాకర్ ఒక్క అంగలో వచ్చి మైకు లాక్కున్నాడు.

“సంఘమా! ప్రభువు ఈమెకు స్వస్థత ఇచ్చాడు. అపనమ్మకంతో ఈమే పోగొట్టుకుంది! ఈమె పాపం కోసం గొంతెత్తి ప్రార్థించండి!”

నిన్నటిదాకా “అమ్మగోరూ” అంటూ చేతులు కళ్లకద్దుకున్నవాళ్లంతా కళ్లు మూసుకుని ఆమె పాపం మీద గొంతెత్తారు! ఆ హోరు మధ్య ఆమె ఒక్కతీ నిలబడి ఉంది. దీనా పరుగున వచ్చి తల్లిని కిందికి దింపింది.

మర్నాడు దీనా తల్లినీ తవిటమ్మనీ ఆసుపత్రికి తీసుకెళ్లింది. తవిటమ్మ గడ్డ తీసేశారు, భయం లేదన్నారు. రత్నమణిని చూసిన డాక్టరమ్మ మాత్రం దీనాని పక్కకు పిలిచి, “ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?” అంది. ఇక కోసి లాభం లేదట.

మంచం పట్టిన భార్య దగ్గరికి కృపాకర్ ఒకనాటి మధ్యాహ్నం వచ్చాడు. తవిటమ్మ బతికిందని విని అప్పటికే సగానికి సగం మంది సంఘం విడిచిపోయారు. “తప్పు ఒప్పుకో రత్నం. సంఘాన్ని పిలిపిస్తాను. అందరూ నీకోసం ప్రార్థన సేస్తారు,” అన్నాడు.

“అందరూ వొద్దండి... మీరొక్కరూ సెయ్యండి. ఇన్నేళ్లలో నాకోసం ఒక్కరూ కూర్చుని ఎప్పుడూ సెయ్యలేదు కదా...”

ఆ మాటకు ఆయన మోకాళ్లూనాడు. కళ్లు మూసుకున్నాడు. “ప్రియ సహోదరీ సహోదరులారా...” అంది అలవాటైన నోరు! అంతే. ఆ తర్వాత ఒక్క మాట రాలేదు. భార్యకు ఎక్కడ నొప్పో, ఏం తినగలుగుతోందో, రాత్రి నిద్ర పడుతోందో లేదో... దేవుడికి చెప్పుకోవడానికి ఆమె గురించి ఆయనకు ఏమీ తెలియదు! మంచం పట్టెకు తల ఆనించి గుడ్లనీరు కుక్కుకున్నాడు.

“నాను సంపీసాను నిన్ను రత్నం...”

ఆమె కాదనలేదు. అంత అబద్ధం ఇక ఆడదలుచుకోలేదు. వాచిన చెయ్యి కష్టంగా ఎత్తి, ఆయన తల మీద పెట్టింది.

“ప్రభువా, ఈయన్ని సెమించు. నాను పోయాక బొత్తిగా ఒంటరైపోతాడు...”

ఆ ప్రార్థనలో ఆమె తనకోసం ఏమీ అడగలేదు.